క్రెటా చక్రాలు, కోనా బండి: విజయనగరం నుంచి ఒక ప్రాజెక్టు డైరీ

సబ్బు నీళ్ల దగ్గర మొదలు

మా కోనా కారు ముందు ఎడమ చక్రంలో గాలి రోజూ కొద్దికొద్దిగా దిగుతోంది. పంక్చర్ అనుకుని షాపుకు తీసుకెళ్తే టైరులో మేకు లేదు, వాల్వూ బాగానే ఉంది. మేస్త్రి చక్రాన్ని పడుకోబెట్టి, రిమ్ము లోపలి అంచు చుట్టూ సబ్బు నీళ్లు పోశాడు. ఒక్కచోట మాత్రం ఆవగింజంత బుడగలు వరసగా లేచాయి. గుడ్డతో తుడిచి చూస్తే వెంట్రుక మందాన ఒక గీత. అలాయ్ పగిలింది. ఏ గొయ్యిలో పడి పగిలిందో చెప్పడం కష్టం. మన రోడ్ల మీద ఆ గౌరవానికి పోటీ ఎక్కువ.

"ఏటి బావూ, దీనికింత ఆలోచనేటి? వెల్డింగ్ పెట్టించేస్తే అయిపోద్ది గదా" అన్నాడు మేస్త్రి. నేను ఒప్పుకోలేదు. పోత పోసి, వేడి చేసి గట్టిపరిచిన అల్యూమినియం అది. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ గట్టిదనం పోతుంది. పైకి అతుకు నున్నగానే కనిపిస్తుంది, పక్కనే మళ్లీ చీలుతుంది. కుర్చీ కాలికైతే పర్లేదు గానీ, హైవే మీద ఒకటిన్నర టన్నుల బండి మోసే చక్రానికి వద్దు.

బండి హ్యుందాయ్ కోనా ఎలక్ట్రిక్, 39.2 యూనిట్ల బ్యాటరీది. మన దేశంలో 2019లో వచ్చింది, 2024లో అమ్మకం ఆగిపోయింది. నాలుగు చక్రాలనూ బ్యాలెన్సింగ్ మిషను మీద తిప్పించాను. వెనక కుడి రిమ్ము కూడా వంకర తిరుగుతోంది. అంటే నాలుగింట్లో రెండు పోయినట్టే. వంకర తీయించడానికి రిమ్మును వేడి చేసి కొడతారు. వెల్డింగ్ మీద ఉన్న అభ్యంతరమే దానిమీదా ఉంది నాకు.

బావ ఫోను

విశాఖలో ఉండే మా మేనత్త కొడుకు క్రెటా ఎలక్ట్రిక్ కొన్నాడు. 2025 జనవరిలో వచ్చిన మోడలు. బండి వచ్చీ రాగానే, కంపెనీ ఇచ్చిన 17 అంగుళాల చక్రాలు విప్పించి, మెరిసిపోయే 18 అంగుళాల అలాయ్‌లు వేయించాడు. పాతవి వాళ్ల బాల్కనీలో కవరు కప్పుకుని కూర్చున్నాయి. "బావా, మీ అక్క రోజూ తిడుతోంది, నువ్వే పట్టుకెళ్లు" అన్నాడు. ఊరికే ఇస్తాడేమో అనుకున్నాను. టైర్లతో కలిపి 32 వేలు అన్నాడు. బావమరుదుల లెక్కలు అలాగే ఉంటాయి.

బేరం తేల్చే ముందు నాకు తెలిసినదంతా ఇది: రెండూ ఒకే కంపెనీవి, రెండిటికీ ఐదు నట్లు, రెండూ 17 అంగుళాల రిమ్ములే. చాలామంది ఇక్కడితో ఆగిపోయి డబ్బు కట్టేస్తారు. నేను స్కేలూ వర్నియర్ కాలిపర్సూ జేబులో పెట్టుకుని, ఆనందపురం మీదుగా విశాఖ వెళ్లాను.

బాల్కనీలో కొలతలు

మొదటిది నట్ల వృత్తం, అంటే పీసీడీ. ఐదు రంధ్రాల మధ్యల గుండా గీసిన వృత్తానికి వ్యాసం. నాలుగు నట్ల చక్రమైతే ఎదురెదురు రంధ్రాల మధ్య కొలిస్తే సరిపోతుంది. ఐదు నట్లకు ఎదురుగా రంధ్రం ఉండదు కాబట్టి, పక్కపక్క రెండు రంధ్రాల మధ్య దూరాన్ని కొలిచి 1.7తో హెచ్చించాలి. ఒక రంధ్రం ఎడమ అంచు నుంచి పక్కదాని ఎడమ అంచు వరకు పట్టుకుంటే, మధ్య ఎక్కడుందో వెతుక్కునే పని ఉండదు. 67 మిల్లీమీటర్లు దాటి కొద్దిగా వచ్చింది. హెచ్చిస్తే 114.3, అంటే సరిగ్గా నాలుగున్నర అంగుళాలు. కోనాదీ అదే.

రెండోది నడిమి రంధ్రం. ఇది 67.1 మిల్లీమీటర్లు. ఇందాక రంధ్రాల మధ్య వచ్చిన 67, ఇదీ దాదాపు ఒకటే కావడం కేవలం యాదృచ్ఛికం. నోట్సు రాసుకునేటప్పుడు దేని పక్కన ఏది రాశామో చూసుకోవాలి. నడిమి రంధ్రం ఎందుకు ముఖ్యమంటే, చక్రాన్ని సరిగ్గా మధ్యలో నిలబెట్టేది హబ్ (బండి వైపు చక్రం బిగించే భాగం) మీద ఉన్న ఉబ్బెత్తు అంచే. రంధ్రం వదులుగా ఉంటే చక్రం వెంట్రుకవాసి పక్కకు కూర్చుని, 80 దాటాక స్టీరింగు వణుకుతుంది. అప్పుడు మధ్యలో రింగులు వేయాలి. ఇక్కడ ఆ బాధ లేదు.

మూడోది ఆఫ్‌సెట్. దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ, అసలు ఇబ్బంది పెట్టేదీ ఇదే. రిమ్ము వెడల్పుకు నడిమి గీత నుంచి, హబ్‌కు ఆనుకునే ముఖం ఎంత బయటికి ఉందో చెప్పే అంకె అది. రిమ్ము వెనక వైపు పోతలోనే వెడల్పూ ఆఫ్‌సెట్టూ అచ్చు వేసి ఉంటాయి, టార్చి వేసి చూస్తే కనిపిస్తాయి. ఉదాహరణకు 7 అంగుళాల వెడల్పు, 50 ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ము తీసుకోండి. వెడల్పులో సగం 88.9, దానికి 50 కలిపితే హబ్ ముఖం నుంచి లోపలికి 138.9 మిల్లీమీటర్లు. తీసేస్తే బయటికి 38.9. పాత రిమ్ముకీ కొత్త రిమ్ముకీ ఇలా రెండేసి అంకెలు రాసుకుని పక్కపక్కన పెడితే, చక్రం సస్పెన్షన్ వైపు ఎంత జరుగుతుందో, మడ్‌గార్డ్ వైపు ఎంత జరుగుతుందో కాగితం మీదే తేలిపోతుంది. నా లెక్కలో రెండు వైపులా తేడా చాలా కొద్దిగా వచ్చింది. అయినా కాగితాన్ని పూర్తిగా నమ్మలేదు. ఆ సంగతి ఫిట్టింగ్ రోజు చెబుతాను.

ఇక టైరు. కోనాది 215/55 ఆర్ 17. క్రెటా ఎలక్ట్రిక్‌ది 215/60 ఆర్ 17. వెడల్పు ఒకటే, రిమ్మూ ఒకటే, మధ్యలో అంకె మాత్రం ఐదు తేడా. 215లో 55 శాతం అంటే టైరు గోడ ఎత్తు 118 మిల్లీమీటర్లు, 60 శాతం అంటే 129. మొత్తం చక్రం ఎత్తు కోనాలో 668, క్రెటాలో 690. అంటే 3.2 శాతం పెద్ద చక్రం. గోతుల రోడ్డుకు ఆ అదనపు రబ్బరు మంచిదే, నాకూ ఆశ పుట్టింది. కానీ ఈ 3.2 అనే అంకెను గుర్తు పెట్టుకోండి. సగం కథ దానిదే.

లోడ్ ఇండెక్స్ కూడా చూశాను. ఎలక్ట్రిక్ బండికి బ్యాటరీ బరువుంటుంది, ఇక్కడ తక్కువ రకం పనికిరాదు. కోనాకు 94, అంటే ఒక్కో టైరు 670 కిలోలు మోస్తుంది. క్రెటా టైరుకు 96, అంటే 710 కిలోలు. ఎక్కువైతే ఇబ్బంది లేదు, తక్కువైతేనే.

వెనక సీట్లు మడిచి నాలుగూ ఎక్కించాం. అక్క ఆ రోజు నాకు పెట్టిన భోజనం చూస్తే, బాల్కనీ ఖాళీ అయినందుకు ఎంత సంతోషించిందో తెలిసింది.

విజయనగరంలో ఫిట్టింగ్

మేస్త్రి చక్రాలు చూడగానే, "ఒక్కటి ఏసేసి చూద్దుమా? పగిలిందొక్కటే గదా" అన్నాడు. వద్దన్నాను. ఒకే ఇరుసు మీద ఒక వైపు 668, ఇంకో వైపు 690 పెడితే, తిన్నగా పోతున్నా రెండు చక్రాలూ వేర్వేరు వేగంతో తిరుగుతాయి. ఆ తేడాను సర్దే గేర్లకు, అంటే డిఫరెన్షియల్‌కు, విశ్రాంతి ఉండదు. జారకుండా చూసే ఎలక్ట్రానిక్ వ్యవస్థకు ఒక చక్రం ఎప్పుడూ జారుతున్నట్టే కనిపిస్తుంది. మారిస్తే నాలుగూ మార్చాలి.

జాకీ ఎక్కడ పెట్టాలన్నది ముందే చూపించాను. పాత అలవాటు ప్రకారం ట్రాలీ జాకీని బండి కిందికి తోసి, చేతికి తగిలిన చదునైన చోట ఎత్తేస్తారు. ఈ బండికి ఆ చదును అంతా బ్యాటరీ పెట్టే. అంచున డోరు కింద కంపెనీ చూపించిన గాట్ల దగ్గరే ఎత్తాలి. జాకీ తలమీద మందపాటి రబ్బరు ముక్క పెట్టించాను. మేస్త్రి వంగి చూసి, "అయితే కిందంతా కరెంటేనా బావూ" అని చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పెట్టె సీలు వేసి ఉంటుంది, ముట్టుకుంటే ఏమీ కాదు, నొక్కితేనే ఖర్చు అన్నాను.

నట్లన్నీ వచ్చాయి, చక్రం మాత్రం రాలేదు. సముద్రం గాలి తగిలే జిల్లాల్లో ఇది మామూలే. ఇనుప హబ్‌కూ అల్యూమినియం రిమ్ముకూ మధ్య తుప్పు పట్టి, రెండూ అతుక్కుపోతాయి. ఎలక్ట్రిక్ బండిలో బ్రేకు తక్కువ వాడతాం, వేగం తగ్గించే పని ఎక్కువగా మోటారే చేస్తుంది. అందుకని డిస్కులు కూడా త్వరగా తుప్పు రంగెక్కుతాయి. టైరు వెనక వైపు నుంచి అడ్డచెక్క పెట్టి రెండు దెబ్బలు వేస్తే, ఎర్రటి పొడి రాల్చుకుంటూ ఊడింది. హబ్ ముఖాన్ని వైరు బ్రష్షుతో రుద్దించాను. ఉబ్బెత్తు అంచు మొదట గరుకుగా, గోధుమ రంగులో ఉంది. కాసేపటికి దాని అంచున సన్నటి వెండి గీత బయటపడింది. ఆ గీత చుట్టూ పూర్తిగా కనిపించేదాకా రుద్దితేనే చక్రం చదునుగా కూర్చుంటుంది. పొక్కు మీద పొక్కు మిగిలితే బ్యాలెన్సింగ్ ఎంత చేయించినా వణుకు పోదు.

కాగితం మీద లెక్క సరిపోయినా, స్పోకులకూ బ్రేకు క్యాలిపర్‌కూ (డిస్కును పట్టి నొక్కే భాగం) మధ్య ఖాళీ ఎంతో కాగితం చెప్పదు. రిమ్ము సైజు ఒకటే అయినా స్పోకు లోపలికి ఎంత వంగిందన్నది ఒక్కో డిజైనుకూ ఒక్కోలా ఉంటుంది. మా అమ్మాయి ఆడుకునే క్లే ముద్ద అడిగి తెచ్చాను. దాన్ని క్యాలిపర్ బాగా బయటికి ఉన్న చోట అంటించి, చక్రం ఎక్కించి, రెండు నట్లు చేత్తో బిగించి, మెల్లగా ఒక చుట్టు తిప్పి విప్పాను. ముద్ద మీద స్పోకు గీత పడింది గానీ లోతుగా దిగలేదు. అక్కడ మిగిలిన మందమే ఖాళీ. కాలిపర్స్‌తో కొలిస్తే భయం లేనంత ఉంది. అమ్మాయికి ముద్ద తిరిగి ఇస్తే నల్లగా అయిందని తీసుకోలేదు. కొత్తది కొనివ్వాల్సి వచ్చింది, ఖర్చులో రాశాను.

నట్లు కోనావే వాడాం. చక్రం మారినా స్టడ్లు, అంటే నట్లు ఎక్కే బోల్టులు, బండివే కదా. నట్టు అడుగు శంఖాకారంలో ఉంటుంది, రిమ్ము రంధ్రం కూడా అదే వాలుతో ఉండాలి. బయటి కంపెనీల అలాయ్‌లకు ఇక్కడే తేడా వస్తుంది, ఇవి హ్యుందాయ్‌వే కాబట్టి సరిపోయాయి. ఐదూ ముందు చేత్తో తిప్పి, తర్వాత నక్షత్రం గీసినట్టు ఒకటి వదిలి ఒకటి బిగించాలి. గాలి గన్ను పక్కన పెట్టించాను. గన్ను ఎంత బలంతో బిగించిందో ఎవరికీ తెలియదు, దారిలో పంక్చరైతే మన పానకు అది రాదు. హ్యుందాయ్ చెప్పింది 107 నుంచి 127 న్యూటన్ మీటర్లు. టార్క్ రెంచ్ (పెట్టిన బలం రాగానే చప్పుడు చేసే పాన) 115 దగ్గర పెట్టి, 'టిక్' మనగానే ఆపాం. మేస్త్రికి ఆ చప్పుడు తెగ నచ్చింది, ఆయనే మిగతా మూడు చక్రాలూ బిగించాడు. స్టడ్లకు గ్రీజు మాత్రం రాయనివ్వలేదు. గ్రీజు రాస్తే అదే టార్కుకు నట్టు ఇంకా లోపలికి దిగి, స్టడ్డు సాగుతుంది.

టైరు గాలి హెచ్చరిక దీపం వెలిగింది. చక్రాల్లో ఉన్నవి క్రెటా సెన్సార్లు, వాటి నంబర్లు ఈ బండికి తెలియవు. అది ఊహించిందే, ప్రస్తుతానికి వెలగనీ అని వదిలేశాను.

బరువేసి చూడటం

షెడ్డు దగ్గర ఖాళీ స్థలంలో స్టీరింగు పూర్తిగా ఈ చివరికీ ఆ చివరికీ తిప్పి, ముందుకూ వెనక్కూ పోనిచ్చాం. ఎక్కడా రుద్దలేదు. కానీ ఖాళీ బండితో చేసిన పరీక్షను లెక్కలోకి తీసుకోను. ఆదివారం ఇంటిల్లిపాదీ ఎక్కి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం వెళ్లాం, వెనక డిక్కీలో సామాను. ముందు చక్రాల గూటి లోపల ఉండే కవరు, అంటే లైనరు మీద సుద్దముక్కతో అడ్డగీతలు గీసి ఉంచాను. టైరు తగిలితే గీత చెరిగిపోతుంది.

తిరిగొచ్చాక చూస్తే గీతలు చెరగలేదు. అయితే బండి నిండా మనుషులుండగా, స్టీరింగు పూర్తిగా తిప్పిన స్థితిలో టైరుకూ లైనరుకూ మధ్య వేలు పెట్టి చూశాను. చిటికెన వేలు కష్టమ్మీద దూరింది. కోనా టైరుతో అక్కడ బొటనవేలు హాయిగా ఆడేది. ఎండలో సరే, వానాకాలం ఎర్రమట్టి పట్టుకున్నప్పుడు ఆ చిటికెన వేలి జాగా మట్టే నింపేస్తుంది. ఈ సంగతి పక్కన నోట్‌బుక్కులో పెద్ద ప్రశ్నార్థకం పెట్టాను.

రేంజ్ తగ్గిందా?

నేను ఉద్యోగానికి విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లొస్తుంటాను. నాతవలస దగ్గర ఎన్‌హెచ్ 16 ఎక్కి, రణస్థలం, ఎచ్చెర్ల దాటి పోతే ఊరు. నున్నటి ఆరు లైన్ల రోడ్డు. బండి కొన్నప్పటి నుంచీ ట్రిప్ మీటరూ యూనిట్లూ రాసే అలవాటు ఉంది. కాబట్టి పాత చక్రాల లెక్కలు చేతిలో సిద్ధంగా ఉన్నాయి.

పాత లెక్క: 80 దగ్గర స్థిరంగా పోతే 100 కిలోమీటర్లకు 13.6 యూనిట్లు. కొత్త చక్రాలతో అదే దారి, అదే 80, గాలి అదే 36 పీఎస్ఐ. సముద్రపు గాలి ఒక వైపు సాయం చేసి రెండో వైపు అడ్డం పడుతుంది కనుక పోనూ రానూ కలిపి సగటు తీశాను. డిస్‌ప్లే 14.1 చూపించింది. బావకు చెబితే, "చూశావా, నా చక్రాలు బరువు, అందుకే తీసేశా" అన్నాడు. ఆయన వేయించుకున్న 18 అంగుళాలవి ఇంకా బరువని నేను గుర్తు చేయలేదు, అక్క పక్కనే ఉంది.

అసలు సంగతి ట్రిప్ మీటర్లో ఉంది. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గేటు వరకు ఇన్నాళ్లూ 68.4 చూపేది, ఇప్పుడు 66.3. శ్రీకాకుళం రెండు కిలోమీటర్లు దగ్గరికి జరగలేదు కదా! బండి దూరాన్ని రోడ్డు మీద కొలవదు, చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెడుతుంది. కోనా టైరు ఒక చుట్టుకు 2.10 మీటర్లు పోతుంది, ఇది 2.17 మీటర్లు. అదే దూరానికి చుట్లు తగ్గాయి, బండికేమో పాత టైరు కొలతే తెలుసు. టైలరు టేపు సాగిపోతే గుడ్డ పొట్టిదైనట్టు కనబడే వ్యవహారమే ఇది.

అనుమానం పూర్తిగా తీరాలని హైవే పక్కన ఐదేసి కిలోమీటర్లకు ఉండే పెద్ద రాళ్లు పట్టుకున్నాను. అలాంటి ఒక రాయి దగ్గర మీటరు సున్నా చేసి, పది కిలోమీటర్ల అవతలి రాయి దాకా పోతే 9.7 చూపించింది. పాత చక్రాలతో అదే జాగాకు 10 వచ్చేది. ఇప్పుడు లెక్క సరిచేద్దాం. 14.1ని 1.032తో భాగిస్తే 13.66. పాతది 13.6. అంటే ఖర్చులో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. పోయింది రేంజ్ కాదు, మీటర్లో అంకె.

వేగం సంగతి మాత్రం తమాషా కాదు. పాత చక్రాలతో ముల్లు 80 దగ్గర ఉంటే ఫోనులో జీపీఎస్ 77 చూపేది. స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపించకూడదన్నది నియమం, అందుకే కంపెనీలు కొంచెం ఎక్కువ చూపేలా పెడతాయి. కొత్త చక్రాలతో 80కి జీపీఎస్ కూడా దాదాపు 80 చూపిస్తోంది. "ఇంకా మంచిది కదా, కరెక్టుగా చూపిస్తోంది" అనవచ్చు. కంపెనీ ఇచ్చిన ఆ వెసులుబాటును మనం పూర్తిగా తినేశామని అర్థం. ఇంకో సైజు పెద్ద టైరు వేస్తే ముల్లు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది, స్పీడ్ గన్ మాత్రం చెప్పదు.

చక్రం పెద్దది పెట్టించి రేంజ్ పడిపోయిందని దిగులు పడేవాళ్లు మన వైపూ కనిపిస్తున్నారు. అది నిజమే కావచ్చు, వెడల్పు టైరూ బరువు రిమ్మూ నిజంగానే కరెంటు తింటాయి. కానీ ముందు కిలోమీటరు రాళ్ల దగ్గర మీటరు సరిచూసుకోండి, తర్వాత చక్రాన్ని తిట్టండి. టైరు వెడల్పు మారనప్పుడు ఈ తప్పు లెక్కే ఎక్కువ భాగం ఉంటుందని నా అనుభవం.

బరువు మాట వచ్చింది కాబట్టి: బియ్యం కొట్టు కాటా మీద రెండు రకాల చక్రాలూ వేసి చూశాను. కొట్టాయన విచిత్రంగా చూశాడు గానీ తూచాడు. టైరుతో కలిపి ఒక్కోటి 20 కిలోలకు అటూ ఇటూ, రెండింటికీ తేడా పెద్దగా లేదు. హైవే మీద స్థిరంగా పోయేటప్పుడు ఈ మాత్రం తేడా లెక్కలోకి రాదు.

రిమ్ము ఉంచుదాం, టైరు మారుద్దాం

సిరిమాను పండగ అయిపోయాక, రోడ్ల మీద జనం పలచబడ్డాక, తీరిగ్గా కూర్చుని తేల్చుకున్నది ఇది. క్రెటా రిమ్ములు ఉంటాయి. వాటి మీదికి కోనా సైజు 215/55 టైర్లే ఎక్కుతాయి.

చిటికెన వేలి జాగా ఒక కారణం. మీటర్లు ఇంకో కారణం. మూడోది చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. డ్రైవరు డోరు పక్క స్తంభం మీద స్టిక్కరు ఉంటుంది, టైరు సైజూ గాలీ దాని మీదే రాసి ఉంటాయి. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు సర్వేయరు మొదట చూసేవాటిలో అదొకటి. రిమ్ములు మార్చిన సంగతి ఇన్సూరెన్సు వాళ్లకు ముందే మెయిలు పెట్టి, బిల్లు కాగితం జత చేశాను.

మెత్తటి టైరు గోడ మీద ఆశ వదులుకోవడం కొంచెం కష్టమే అయింది. 129 మిల్లీమీటర్ల రబ్బరు గోతుల్లో ఇచ్చిన సుఖం ఆ కొద్ది వారాల్లోనే అలవాటైపోయింది. గజపతినగరం వైపు వెళ్లినప్పుడు వెనక కూర్చున్న మా అమ్మే, "ఈ మజ్జిన బండి ఊయల్లా ఉందిరా" అంది. అయినా సరే.

షాపులో నాలుగు క్రెటా టైర్లూ విప్పించాం. పాత కోనా టైర్లలో రెండిటికి ఇంకా మంచి గాడి ఉంది. పగిలిన రిమ్ము మీదున్న టైరును లోపల టార్చి వేసి చూశాం. గాలి తక్కువగా ఉండగా నడిచిన టైరైతే, గోడ లోపలి వైపు రబ్బరు రాపిడికి నల్లటి పొడి రాలి ఉంటుంది. అరచేత్తో తుడిస్తే గుప్పెడు పొడి వచ్చింది. పైకి కొత్తదానిలా మెరుస్తున్నా దాన్ని పక్కన పడేశాం. ఇంకోటి అరిగిపోయింది. ముందు చక్రాలను తిప్పే బండి, ఆక్సిలరేటరు తొక్కగానే 395 న్యూటన్ మీటర్లు ఒక్కసారిగా వాటి మీద పడతాయి, ముందు టైర్లు తినకేం చేస్తాయి? రెండు కొత్తవి కొని వెనక వేయించాను. కొత్తవి ముందు వేయాలన్నది మేస్త్రి వాదన. వానలో వెనక పట్టు తప్పితే బండి తిరిగిపోతుంది, ముందు జారితే కనీసం స్టీరింగులో తెలుస్తుందన్నది నాది. కాసేపు వాదించుకున్నాం, బండి నాది కాబట్టి నా మాటే చెల్లింది.

అదే పనిలో కోనా సెన్సార్లు పాత రిమ్ముల నుంచి విప్పి కొత్తవాటికి బిగించాం. బండికి వాటి నంబర్లు ముందే తెలుసు కనుక స్కానరు పెట్టి నమోదు చేయాల్సిన పని పడలేదు. కొంతదూరం నడిపాక దీపం ఆరింది. వాల్వు అడుగున రబ్బరు సీళ్లు మాత్రం కొత్తవి వేయించండి, పాతవి మళ్లీ నొక్కితే అక్కడినుంచే గాలి కారుతుంది. సెన్సారు లోపలి బ్యాటరీ విడిగా మార్చేది కాదు, అయిపోతే సెన్సారే మార్చాలి.

ఇప్పటి లెక్క

ట్రిప్ మీటరు మళ్లీ 68.4 దగ్గరికి వచ్చింది, జీపీఎస్ 80కి 77. హైవే ఖర్చు పాత అంకెకు కొంచెం అటూ ఇటూగా ఉంది. కొత్త టైర్లు అరిగి సర్దుకున్నాక మళ్లీ చూడాలి. స్టీరింగులో వణుకు లేదు. మొదటి వంద కిలోమీటర్ల తర్వాత నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూశాను. ఒక్కటి మాత్రం కొద్దిగా కదిలి 'టిక్' మంది, మిగతావి కదలలేదు. మార్చిన రిమ్ముకు ఈ రెండోసారి బిగింపు తప్పనిసరి.

215/60 టైర్లు నాలుగూ మా వీధి చివర పెట్రోలు క్రెటా ఉన్నాయన కొనుక్కున్నాడు, ఆయన బండిదీ అదే సైజు. ఆ డబ్బుతో కొత్త టైర్ల ఖర్చు సగానికి పైగా తీరింది. పగిలిన రిమ్మును వెల్డింగ్ చేసి ఎవరికైనా అమ్ముతారేమోనన్న అనుమానంతో, స్పోకు ఒకటి కోయించాకే పాత సామాను వాడికి వేశాను. బాగున్న రెండు కోనా రిమ్ములు అటక మీద ఉన్నాయి, స్టెప్నీ అవసరం పడితే పనికొస్తాయి.

మిగిలిన పని: అలైన్‌మెంట్ కాగితంలో వెనక ఎడమ అంకె అంచున ఉంది, వచ్చే సర్వీసులో మళ్లీ చూపించాలి. బావ 18 అంగుళాల అలాయ్‌లలో ఒకటి మధురవాడ దగ్గర గోతిలో పడి వంగిందట. పాతవి తిరిగి ఇస్తావా అని నిన్న ఫోను చేశాడు. 40 వేలు చెప్పాను.